లింబయ్య కట్టిన తోక వేషం

లింబయ్య పొడుగే అతని కొంప ముంచింది. రెంజల్ దాటి మహారాష్ట్ర వైపు పోతే వచ్చే చిన్న ఊరు అతనిది. ఆ ఊళ్ళో అంత పొడుగు మనిషి ఇంకొకడు లేడు. చేతులు పైకెత్తి నిలబడ్డాడంటే ఎంతసేపైనా అలాగే నిలబడతాడు, మోచెయ్యి వణకదు. అలాంటి మనిషి పోలీసు భర్తీకి పోయి ఉంటే ఈపాటికి దర్జాగా పింఛను తింటూ ఉండేవాడు. పోయి పోయి భాగోతంలో పడ్డాడు.

భాగోతంలో ప్రతి వేషమూ తెర వెనక నుంచే రావాలి. ఇద్దరు మనుషులు దుప్పటంత గుడ్డను అడ్డంగా పట్టుకుంటారు. రాజైనా, రాక్షసుడైనా, రంభైనా దాని వెనక నిలబడి, గజ్జెలు మోగించి, వంత పాడేవాళ్ళు తన పేరూ ఊరూ పాడాకే తెర దిగుతుంది. ఆ తెరకు ఒక కొస లింబయ్యది. మీసం మొలిచీ మొలవక ముందు పట్టుకున్నాడు. ఇప్పుడు తల నెరిసింది, ఇంకా పట్టుకునే ఉన్నాడు. రెండో కొసకు మనుషులు మారారు, ఈ కొసకు మారలేదు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర పట్టడానికి కూడా అతన్నే పిలుస్తారు. తన పెళ్ళిలో అడ్డుతెర కాస్త కిందికి జారితే తానే లేచి సరిగ్గా ఎత్తి పట్టుకున్నాడనీ, పురోహితుడు నెత్తి కొట్టుకున్నాడనీ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

వేషం ఇమ్మని అడగలేదా అంటే, ప్రతి ఏడూ అడిగాడు. భాగోతం నేర్పే పంతులు మార్కండేయ హార్మోనియం మీద నుంచి తల కూడా ఎత్తకుండా ప్రతి ఏడూ ఒకటే జవాబు చెప్పాడు.

"నువ్వు రంగేసుకుంటే తెర ఎవడు పడ్తడుర? నీ తీర్గ సక్కగ పట్టెటోడు జిల్లా మొత్తంల లేడు."

మనిషిని పొగిడి చంపడం అంటే ఇదే. నాకైతే ఆ మార్కండేయను హార్మోనియంతో సహా కాలువలో వెయ్యాలనిపిస్తుంది.

లింబయ్య భార్య రేణుకమ్మ బీడీలు చుడుతుంది. ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క భాగోతమూ చూడలేదు. ఊరంతా చాపలు, దుప్పట్లు పట్టుకుని పోతుంటే ఈమె తలుపు గడియ పెట్టుకుని పడుకుంటుంది. ఎందుకమ్మా అంటే, "నా మొగని మొఖానికి రంగు పడ్డనాడు వస్త. గుడ్డ పట్టెటోన్ని సూడనీకి గంత దూరం పోవాల్నా? మా ఇంట్ల దండెం లేదా?" అంటుంది. ఆ మాట లింబయ్యకు ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. మొహానికి రంగు, తన పేరు మీద ఒక పాట, ముందు వరసలో భార్య. అతను ఈ జన్మకు కోరుకున్నది అంతే.

ఈ కథలోకి నేనెట్లా వచ్చానంటే, నా ఖర్మ కాలి వచ్చాను. బోధన్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. ఆ ఏడు మా కాలేజీకి గ్రేడు వెయ్యడానికి హైదరాబాదు నుంచి ఇద్దరు పరిశీలకులు వస్తున్నారన్నారు. పల్లెలకు సైన్సు తీసుకుపోయినట్టు చూపిస్తే గ్రేడు పెరుగుతుందట. బయోటెక్నాలజీ చెప్పే సాహిత్య మేడం లేచి, సైన్సును భాగోతంగా ఆడిద్దామంది. ప్రిన్సిపాల్ ఎగిరి గంతేశాడు. కథ రాసే పని నా నెత్తిన పడింది. సైన్సు వాళ్ళ సరదాకు తెలుగు వాడు రాత్రింబవళ్ళు కూర్చుని దరువులు రాయాలి! నాకు ఒళ్ళు మండింది.

సాహిత్య వాళ్ళ తాత కాలువ నీళ్ళు చూసి కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఎడపల్లి దగ్గర, అలా వలస వచ్చిన రైతుల క్యాంపులో భూమి కొన్నాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక వాళ్ళ పొలంలో చెరకు పోయి వరి వచ్చింది గాని, ఇంట్లో మాటకు ముందో 'అండీ', వెనకో 'అండీ' మాత్రం పోలేదు. పిల్ల మంచిదే. పట్టుదల మాత్రం చెడ్డది. బస్టాండు పక్కన చెరకు రసం బండి దగ్గర నన్ను నిలబెట్టి కథ చెప్పింది.

"కణంలో కేంద్రకం ఉంటుంది కదండీ మాస్టారూ, దాని చుట్టూ ఒక పొర. లోపల డీఎన్ఏ మీద నుంచి పొడుగాటి ఆర్ఎన్ఏ దారం ఒకటి తయారవుతుంది. అది మధ్యలో దానంతటదే మడతపడి జడపిన్నులా అవుతుంది. పిన్ను మొదట్లో రెండు తోకలు మిగిలిపోతాయి. అప్పుడు ద్రోషా అనే ఎంజైము వస్తుంది. అది కొలత చూసుకుని రెండు తోకల్నీ కత్తిరించేస్తుంది. తోకలు అక్కడే ముక్కలు ముక్కలైపోతాయి. పిన్ను మాత్రం పొరలో ఉన్న ద్వారం దాటి బయటికి వెళ్తుందండీ."

"వెళ్ళి ఏం చేస్తది?"

"మిగతా ఆర్ఎన్ఏలు ఉంటాయి చూడండి, ఈ ప్రొటీను చెయ్యి, ఆ ప్రొటీను చెయ్యి అని కబురు మోసేవి, వాటి నోరు మూయిస్తుంది. దీని దగ్గర మాత్రం ఏ కబురూ ఉండదు. ఇది ఒక్క మాట పలకదండీ."

"మన ప్రిన్సిపాల్‌కు ఒకటి ఎక్కించరాదు?" అన్నాను. ఆమె నవ్వలేదు. సైన్సు విషయంలో ఆమె నవ్వదు.

ఆడడానికి లింబయ్య ఊరి భాగోతం వాళ్ళను కుదుర్చుకున్నాం. అసలు గోల ఆ ఊళ్ళో రిహార్సల్ మొదలయ్యాక మొదలైంది. ఎప్పుడూ రాజు వేషం కట్టే లింగం, ట్రాక్టరు ఉన్న ఆసామి, ద్రోషా తనదే అన్నాడు. సరే అన్నాం. అంతటితో ఊరుకోలేదు. "గీ ద్రోషా ఏ దేశపు రాజు? తండ్రి పేరేంది?" అని పట్టుకున్నాడు. తండ్రి పేరు చెప్పని వేషం వాళ్ళ భాగోతంలో అడుగు పెట్టదట.  నేను కేంద్రకపురం అని దేశం, ఏదో ఒక తండ్రి పేరు రాసిచ్చి, ఆ పూట గండం గట్టెక్కించాను. ద్రోషా పక్కన ఇంకో ప్రొటీను ఉండాలనీ, అది పిన్నును సరిగ్గా పట్టుకుంటేనే కత్తి సరైన చోట పడుతుందనీ ఆమె చెప్తే, "రాజుకు జాగ సూపియ్యనీకి ఇంకొకడా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అని లేచి పోబోయాడు. మంత్రి అని పేరు పెట్టాక కూర్చున్నాడు. రాజుకు మంత్రి ఉండొచ్చట.

ఆర్ఎన్ఏ దారం అంటే చేతులు పట్టుకున్న మనుషుల వరస. మధ్యలో వాళ్ళు కోలాటంలో లాగా ఎదురెదురుగా నిలబడితే అది పిన్ను. రెండు కొసల వాళ్ళు తోకలు. తోకలు తెగి, ముక్కలై, అక్కడే ఖతమైపోతాయని సాహిత్య చెప్పిందో లేదో, వరస మొత్తం మధ్యలోకి వచ్చి నిలబడింది. కొసన ఒక్కడూ లేడు.

"తోక అయితే నేను రాను. మా అక్క ముంబై కెల్లి వస్తున్నది. నేను ముక్కలైతే సూస్తదా?"

"పోయిన ఏడు రాక్షసుని వేషంల సచ్చిన, కాదంటలే. కానీ దానికి సచ్చేటప్పుడు ఏడ్పు పాట ఉండె. దీనికి పాట లేదు, మాట లేదు. గదేం సావు?"

ఒకడైతే, తోకలు లేకుండానే పుట్టే ఆర్ఎన్ఏ ఏదైనా ఉంటే అది ఆడదామన్నాడు. సాహిత్య, "ఉన్నాయండీ, కానీ అది వేరే దారి" అంది. నేను రెండు చేతులూ జోడించాను, ఆ దారి మాత్రం చెప్పకమ్మా అని.

అప్పుడు వెనక నుంచి లింబయ్య గొంతు సవరించుకున్నాడు. చేతిలో మడతపెట్టిన తెర ఉంది.

"నేనైత సార్ తోక."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. మార్కండేయ ఎప్పటి మాటే అందుకున్నాడు, "మల్ల తెర ఎవడు..." అని. సాహిత్య మధ్యలోనే ఆపేసింది. ఈ కథలో తెర అంటే కేంద్రకం చుట్టూ ఉండే పొర, అది చివరిదాకా ఉండాలి కాబట్టి రెండు గుంజలకు తాళ్ళతో కట్టేద్దాం, మనిషితో పని లేదు అంది.  మార్కండేయ ఇన్నేళ్ళుగా నమ్ముకున్న సాకు ఒక్క మాటతో పోయింది. రెండో తోకకు మనిషి దొరకలేదు. ఎండిన చెరకాకు కుక్కి, పాత చొక్కా తొడిగి బొమ్మ చేశారు. లింబయ్య దాన్ని చూసి, "మా తమ్ముడు లెక్కున్నడు" అని మురిసిపోయాడు.

ఆ సాయంత్రం నన్ను పక్కకు పిలిచాడు. ఆరడుగుల పైన ఉన్న మనిషి నా ముందు ఒంగి నిలబడ్డాడు.

"సార్, ఒక్క మాట రాయుండ్రి. తెగెటప్పుడు 'పోతున్న' అంట. గంతే. ఇంట్ల రేణుకకు చెప్పిన. వస్త అన్నది. వేషం అంటే ఒక్క మాటన్న ఉండాలె గద సార్."

 వెంటనే పోయి సాహిత్యతో గొడవ పెట్టుకున్నాను. ఒక్క మాటకు మీ సైన్సు ఏం మునిగిపోతుందన్నాను. మునిగిపోతుందండీ అంది. మాట ఉంటే అది కబురు మోసే ఆర్ఎన్ఏ అవుతుంది, దాని తోక కూడా మాట్లాడకూడదంది. నీకు గుండె లేదన్నాను. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ తగ్గలేదు. "మాట ఇవ్వలేను మాస్టారూ. తోక ముక్కలవ్వడం మాత్రం ఆయన ఇష్టం. ఎంతసేపు ముక్కలవుతారో కానివ్వండి, అప్పటిదాకా నాటకం మొత్తం ఆపేస్తాను" అంది. అంతకు మించి ఆమె ఇవ్వలేదు, నేను అడగలేదు. లింబయ్యకు చెప్తే, సరే సార్ అన్నాడు.

ఆట పెట్టింది పొద్దున పది గంటలకు. భాగోతం పుట్టిన దగ్గర్నుంచీ పొద్దున పది గంటలకు ఆడిన మొనగాడు లేడు. పరిశీలకులు మధ్యాహ్నం భోజనానికి నిజామాబాద్ చేరాలట, అందుకని. బడి ముందు మైదానంలో ఎండ మాడు పగలగొడుతోంది. మొహాలకు పూసిన పచ్చటి అర్దళం రంగు చెమటకు కరిగి మెడల మీదికి కారుతోంది. పరిశీలకులిద్దరూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళకు కొంచెం పక్కగా, నేల మీద, ముందు వరసలో రేణుకమ్మ. కొత్త చీర కట్టింది. ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని వచ్చింది గాని, చెయ్యి పని మీద లేదు.

మార్కండేయ హార్మోనియం అందుకున్నాడు. "వచ్చె వచ్చె ద్రోషరాజు, కేంద్రకపురి ఏలురాజు" అని వంత లేచింది. తెర వెనక గజ్జెలు ఘల్లుమన్నాయి. పాట అయిపోయింది. తెర దిగలేదు.

దిగదు మరి. ఆ తాళ్ళు కట్టింది లింగమే. చెరకు ట్రాలీకి మోపులు బిగించే ముడి వేశాడు. ఆ ముడిని కోస్తే తప్ప ఊడదు. పైగా ఎవరి కంగారులో వాళ్ళుండి, కట్టేసిన తెర దిగేదెట్లా అని ఊళ్ళో ఒక్కరికీ తట్టలేదు. దించేవాడు ఎప్పుడూ ఉన్నాడు కాబట్టి, తెర దానంతటదే దిగుతుందని అందరి నమ్మకం.

"పక్క నుంచి రండి లింగంగారూ!" అని సాహిత్య అరిచింది.

"పక్కకెల్లి దొంగలొస్తరు, రాజు రాడు!" తెర వెనక నుంచి లింగం గర్జించాడు. రాజు రాకుండా మంత్రి రాడు. వాళ్ళిద్దరూ రాకుండా ఆర్ఎన్ఏ రాదు. మొత్తం కేంద్రకపురం తెర వెనక ఇరుక్కుపోయింది. బయటికి కాళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. వంతవాళ్ళు అదే పాట మళ్ళీ ఎత్తుకున్నారు.

పరిశీలకుల్లో పెద్దాయన మా ప్రిన్సిపాల్ వైపు ఒరిగాడు. "ఇదేనా కేంద్రకం పొర?"

"అవునండి."

"లోపల పని జరుగుతోందా?"

"జరుగుతోందండి," అన్నాడు ప్రిన్సిపాల్, చెమట తుడుచుకుంటూ.

"చాలా సహజంగా ఉంది," అని ఆయన తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఇంతలో తెర ఒక కొస కదిలింది. దిగకుండా నిలిచిపోయిన తెరను చూసి ఊరుకోవడం లింబయ్య వల్ల కాలేదు. లింగం నడుములో ఉన్న కొడవలి లాక్కుని ఒక పక్క తాడు తెంపి, ఆ కొస పట్టుకుని దించాడు. లింగం మీసం మెలేస్తూ దూకాడు. తెర లేచింది, మళ్ళీ దిగింది, మంత్రి వచ్చాడు. మళ్ళీ లేచింది, మళ్ళీ దిగింది. ఒక్కొక్కరే వస్తున్నారు. తెర మాత్రం అంగుళం వంకర పోవడం లేదు. తన పాట రాకముందు మొహం జనానికి కనబడితే ఆ వేషం చెల్లదు కాబట్టి, లింబయ్య వెనక్కి తిరిగి నిలబడి పట్టుకున్నాడు. జనానికి అతని వీపు మాత్రమే కనిపించింది.

"ఓ లింబన్నా! మల్ల గుడ్డకే వచ్చినవా!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. మైదానమంతా గొల్లుమంది. రేణుకమ్మ నవ్వలేదు. నాకు ఆ అరిచినవాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది.

చివరికి అతని వంతు వచ్చింది. మార్కండేయ పాడాడు. "వచ్చెనమ్మ తోకరాజు, తెగిపోవగ వచ్చెనమ్మ." వంతవాళ్ళు అందుకున్నారు. తోకరాజు తెర పట్టుకునే నిలబడ్డాడు. తెర పట్టుకున్నవాడు తెర వెనక్కి ఎట్లా పోతాడు? పాట రెండోసారి అయింది. మార్కండేయ పోరగాళ్ళ వంక చూశాడు. గుడ్డ పట్టేది మేమా అన్నట్టు వాళ్ళు ఫోన్లు చూసుకున్నారు. నేను లేచి ఉరికాను. నా పొట్టి చేతులతో ఎంత ఎత్తినా తెర లింబయ్య ఛాతీ దగ్గరే ఆగింది. జనం ఇంకా నవ్వారు.

"జరుగు సార్."

రేణుకమ్మ. చాట నేల మీద పెట్టి వచ్చింది. పక్కనున్న నీళ్ళ డ్రమ్ము బోర్లించి, దాని మీదికెక్కి, మొగుడి చేతిలోంచి కొస లాక్కుంది.

"ఇడువు. నేను పడ్త. నువ్వు ఎనుకకు పో."

"నువ్వు సూడనీకి వచ్చినవు గదనే..."

"పో అంటున్న గద!"

అతను పోయాడు. పాట మూడోసారి లేచింది. ఈసారి ఆమె తెర దించింది.

లింబయ్య వచ్చాడు. పచ్చటి మొహం, నుదుట ఎర్రటి నామం, భుజాల మీద అట్టతో చేసిన రెక్కలు. వెళ్ళి వరస కొసన నిలబడి చెయ్యి కలిపాడు. వెనక ఆమె తెర ఎత్తింది. పొలాల మీద నుంచి గాలి లేచింది. గుడ్డ మొత్తం ఆమె మొహానికి కొట్టుకుంది. ఆమె ఒక చేత్తో తప్పించబోతే కొస జారింది. "వదలకండమ్మా! పొర పడిపోతే కేంద్రకం ఉండదు!" అని సాహిత్య కేకేసింది. రేణుకమ్మ మళ్ళీ రెండు చేతులూ ఎత్తింది.

మంత్రి జాగా చూపించాడు. లింగం రేకు కత్తి ఎత్తాడు. మొదట చెరకాకు బొమ్మ తెగి పడింది. తర్వాత లింబయ్య చెయ్యి తెగింది. అతను నాలుగు అడుగులు తూలి మైదానం మధ్యకు వచ్చి, ముక్కలవడం మొదలుపెట్టాడు. ముందు వేళ్ళు పోయాయి. ఒక్కొక్క వేలూ చచ్చిపోతుంటే దాన్ని చూసుకున్నాడు. తర్వాత మణికట్టు, భుజం. ఒక మోకాలు విరిగింది, రెండోది విరగనని కాసేపు మొండికేసి అదీ విరిగింది. నోరు తెరిచాడు, మాట లేదు, మూసుకున్నాడు. భాగోతం జరుగుతుంటే మా జనం మాట్లాడకుండా ఉండడం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు మైదానం మొత్తం నోరు మూసుకుంది. ఏడ్చే పసిపిల్ల కూడా ఆగింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, దాచుకోనూ లేదు. సాహిత్య మాట నిలబెట్టుకుంది. అతని చివరి వేలు నేలకు ఒరిగేదాకా రాజును, మంత్రిని, పిన్నును అడుగు కదలనివ్వలేదు.

తర్వాత పిన్ను వెళ్ళిపోవాలి. ద్వారం దాటించే వేషంలో ఉన్నవాడు వచ్చి, పిన్ను మొదట్లో ఒక పక్క కొంచెం పొడుగ్గా మిగిలిన కొసను తడిమి, సరిగ్గా తెగిందని తేల్చుకుని ఆ కొస మనిషి చెయ్యి తన భుజాన వేసుకున్నాడు. రేణుకమ్మ తెర దించింది. వాళ్ళు దాటిపోయారు. ఆట అయిపోయింది. పరిశీలకులు చప్పట్లు కొట్టి, లింగానికి చెయ్యి కలిపి, భోజనానికి వెళ్ళిపోయారు.

లింబయ్యకు కప్పమని ప్రిన్సిపాల్ ఒక శాలువా నా చేతికి ఇచ్చాడు. అతని ఇంటికి పోయేసరికి ఇద్దరూ వాకిట్లో ఉన్నారు. అతను రంగు కడుక్కోలేదు.

"సూసినవానే?" అని అప్పుడే అడుగుతున్నాడు.

రేణుకమ్మ అబద్ధమాడితే పోయేది. ఆడలేదు. "ఏడ సూసిన? గుడ్డ మొఖానికే కొట్టుకుంటుండె. మంది సప్పుడు బందయింది. గంతే తెలిసింది."

అతను గోడకు చేరగిలబడ్డాడు. ఆరడుగుల మనిషి కుంచించుకుపోయాడు. నేను శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాను. రేణుకమ్మ వాకిట్లో ఉన్న కోడిని అదిలించింది, గంప పక్కకు జరిపింది, కొంగు నడుముకు దోపుకుంది.

"మల్ల జెయ్యి," అంది.

"గిప్పుడా? లింగం లేడు గదనే, ఎవడు కోస్తడు?"

"ఏడ కొయ్యాలె? సూపియ్యి."

అతను మణికట్టు చూపించాడు. ఆమె రెండు వేళ్ళు కత్తెరలా పెట్టి అక్కడ కత్తిరించింది. లింబయ్య నాలుగు అడుగులు తూలాడు. వేళ్ళు, మణికట్టు, భుజం, ఒక మోకాలు, మొండికేసిన రెండో మోకాలు. మైదానంలో కన్నా ఎక్కువసేపు ముక్కలయ్యాడు. ఆమె గడప మీద కూర్చుని రెప్ప వెయ్యకుండా చూసింది. చివరి వేలు నేలకు ఒరిగాక కూడా ఆమె కదల్లేదు.

"మాట రాయలేదే," అన్నాడు అతను, నేల మీద నుంచే. "సార్‌ను అడిగిన. ఒక్క మాట గుడ ఇయ్యలే."

"నీ మాటలు రోజూ ఇంటనే ఉన్న గద. నేను మొఖం సూద్దామని వచ్చిన," అంది రేణుకమ్మ. "లేవకు. జరసేపు గట్లనే ఉండు."